నలుగు

ముందు వాసనొచ్చింది,
పెట్రోలు బంకులో నిద్రలేచినట్టు.
తెల్లారేక చూస్తే
వంశధార మొగ నుంచి మా పేట దాకా
ఎవరో తారుతో గీత గీసి
ఇక్కడితో సముద్రం సరి అన్నట్టుంది.

ఓడ పేరు ఎవరూ చెప్పలేదు.
ఓడ ఉందో లేదో కూడా చెప్పలేదు.
ఒకాయన సీసాలోకి కొంచెం పట్టి, మూత బిగించి,
వెలుతురుకి ఎత్తి చూసి
జీపెక్కి వెళ్ళిపోయేడు.
మూడో రోజుకి పారలొచ్చేయి, గోనెసంచులొచ్చేయి,
అన్నీ ఒకే సైజు చేతితొడుగులు,
మగచేతుల కోసం కొన్నవి.
ఎండుచేపలు తిరగేసే ఆడవాళ్ళ వేళ్ళు
వాటిలో వదులు వలలో కవ్వళ్ళలా కొట్టుకున్నాయి.
మధ్యాహ్నానికి అందరూ తీసి పక్కన పెట్టేరు.

నేను మస్టరు రాసేవాణ్ణి.
సూరాడ ఎర్రమ్మ, ఒక రోజు.
మైలపల్లి బండెమ్మ, ఒక రోజు.
కారి చినపోలయ్య, సగం రోజు,
తల తిరిగి కూలబడిపోయేడు.
వేలిముద్రకని ఇంకు డబ్బా తెరవబోతే
నవ్వేరు.
"అదెందుకు బాబూ" అని
నల్లటి బొటనవేళ్ళు చాపేరు.
ఆ పుస్తకం ఇప్పటికీ
ఎండాకాలం పేజీకి పేజీ అంటుకుపోతుంది.

పెరుగు మీద మీగడ తీసినట్టు తియ్యాలి,
లోతుకి తవ్వకూడదు, అన్నాడు ఆఫీసరు.
"మీగడంట" అంది బండెమ్మ.
ఆ మాటకి పొద్దుగూకేదాకా నవ్వుతూనే ఉంది,
దగ్గుతూనే ఉంది.
వరిగడ్డి పరిచేం. చిరిగిన వలలు పరిచేం.
తీసిన చోటికే రాత్రి పోటు మళ్ళీ తెచ్చి పోసింది.
పీతలు బొరియల ముందు
ఇసుక పూసలు పేర్చడం మానేసేయి.
ఒక కుక్క నాలుగు నల్ల మేజోళ్ళతో
పేటంతా తిరిగి
గుమ్మం గుమ్మానికీ సంతకం పెట్టింది.

దాచడమెందుకు,
మా ఇంజన్లకి ఆయిలు మార్చిన ప్రతిసారీ
కాలిన నూనె ఎక్కడ పోసేమో
ఈ ఇసక్కి తెలుసు.
చినపోలయ్యే అన్నాడు, తల పట్టుకుని:
"మనం సెంబుతో పోసీవోళ్ళం,
ఆడు సెరువుతో పోసేడు."
ఎవరూ మాట్లాడలేదు.
పారల చప్పుడు మాత్రం కాసేపు గట్టిగా వినిపించింది.

ఐదో రోజు తాబేలు.
గుడ్లు పెట్టడానికే వచ్చిందో, కొట్టుకునే వచ్చిందో,
కళ్ళ మీద తారు గడ్డకట్టి ఉంది.
నీళ్ళకి పోలేదు. సబ్బుకి పోలేదు.
ఎర్రమ్మ ఇంటికెళ్ళి
మంచినూనె సీసా, దోసెడు సెనగపిండి తెచ్చింది.
"సెడ్డనూనిని మంచినూనే తియ్యాల."

ఇసుకలో కాళ్ళు చాపుకుని కూర్చుంది.
నలుగురం ఈడ్చి దగ్గరికి చేరిస్తే
దాని తల తన తొడ మీద పెట్టుకుంది.
మా పేటలో సగం మందికి
పురిటి స్నానం పోసిన చేతులవి,
నాకూ పోసినవే.
ముందు కనురెప్పలు, తర్వాత ముక్కు,
మెడ ముడతలు, రెక్కల సందులు.
పిండి చల్లి నలుగు పెట్టింది.
నల్లటి వత్తులు రాలేయి.
"ఏటే ఇంత మురికి! ఎక్కడాడొచ్చేవే తల్లీ" అని తిడుతూనే ఉంది.
తాబేలు కంట్లోంచి నీరు కారింది.
అది ఏడుపు కాదట, ఉప్పు బయటికి పోవడమట,
కరపత్రంలో ఉంది.
ఎర్రమ్మకి చదువు రాదు.
కొంగుతో తుడిచింది.

సాయంత్రం అటవీశాఖ వాళ్ళు
తడిగోనె కప్పి తీసుకుపోయేరు.
బతికిందని ఒకరు చెప్పేరు, లేదని ఒకరు.
మేం నింపిన సంచులు
తుపాను షెల్టరు వెనక అలాగే ఉన్నాయి,
ఎండ ముదిరితే కారి
మెల్లగా మళ్ళీ ఇసుకలోకి దారి వెతుక్కుంటాయి.

ఆ రోజు మస్టరులో
ఎర్రమ్మ పేరెదురుగా నింపిన సంచులు సున్నా.
కలం పట్టుకుని చాలాసేపు కూర్చుని
ఒకటి అని రాసేను.
ఆమె సీసా పైకెత్తి
అడుగున ఎంత మిగిలిందో చూసుకుంది.
"తాలింపుకి సరిపోద్ది" అంది.
రెండడుగులేసి ఆగి,
సముద్రం కేసి చూసి:
"ఏటి తాలించాలో మరి."